మెష్ హెడ్: ఎలక్ట్రానిక్ డ్రమ్ స్పర్శ చరిత్ర

ఎలక్ట్రానిక్ డ్రమ్ చరిత్రను ధ్వని చరిత్రగానే రాస్తుంటారు; నిజానికది వాదకుని మణికట్టు చరిత్ర కూడా. 1981లో వెలువడిన సిమన్స్ ఎస్‌డిఎస్-5 షట్కోణ ప్యాడ్‌లపై గట్టి పాలీకార్బొనేట్ పలక ఉండేది. అది దెబ్బ అదురును చేతికే తిప్పికొట్టడంతో వాదకులు మణికట్టు నొప్పుల పాలయ్యారు. రబ్బరు ప్యాడ్‌లు ఆ బాధను తగ్గించాయి గాని బిగించిన పొర ఇచ్చే స్పర్శను ఇవ్వలేకపోయాయి.

1997లో రోలాండ్ సంస్థ, డ్రమ్ హెడ్‌ల తయారీదారు రెమోతో కలిసి రూపొందించిన మెష్ హెడ్‌ను టీడీ-10 సెట్‌తో ప్రవేశపెట్టింది. వల అల్లిక గుండా గాలి సాగిపోతుంది గనుక శబ్దం స్వల్పం. బిగువును సవరించుకునే వీలుంది గనుక స్టిక్ ఎగిరే తీరు వాదకుని అధీనం. వల కింద ఫోమ్ శంకువు, దాని అడుగున పీజో సెన్సర్. శంకువు నడిమధ్యన ఉన్నచోట పడిన దెబ్బ అతిగా పలకడం ఈ రూపకల్పనలోని చిక్కు.

నాట్యశాస్త్ర విభజన ప్రకారం డ్రమ్ అవనద్ధ వాద్యం. ఇక్కడ బిగించిన పొర ఉంది. వినబడే నాదం మాత్రం దానిది కాదు.