హిమాలయాల మంచు, ఆదిలాబాద్ మిరుగు

గోదావరి పుట్టింది త్ర్యంబకంలో. మంచుకొండలతో దానికి చుట్టరికం లేదు. హిమాలయాల్లో మంచు ఎంత మందాన పడితే కరీంనగర్, ఆదిలాబాద్ రైతులకేమిటని అడగడం న్యాయమే. నది సంగతైతే ఆ మాట నిజం, వాన సంగతైతే కాదు. 1876-78 కరువు దక్కన్‌ను ఊడ్చేశాక వానను ముందే పసిగట్టాల్సిన అవసరం సర్కారుకు తెలిసొచ్చింది. వాతావరణ శాఖ తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ 1884లో ఒక సంబంధం చూపాడు: హిమాలయాలపై మంచు ఎక్కువగా పడి, ఎండాకాలం దాకా నిలిస్తే ఆ ఏడు నైరుతి వాన తగ్గుతుంది. మంచు ఎండను వెనక్కి కొడుతుంది, కరగడానికి వేడినీ తాగేస్తుంది; నేల కాగకపోతే సముద్రపు గాలికి లోపలికొచ్చే ఊపు ఉండదు. 1886లో మొదలైన దీర్ఘకాలిక అంచనాలకు ఈ మంచే ముఖ్య ఆధారం.

అదొక్కటే చాలదని 1899 కరువు తేల్చేసింది. 1904లో వాతావరణ శాఖ అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ చూపును పసిఫిక్ వైపు తిప్పాడు. 1976లో శాస్త్రవేత్తలు హాన్, శుక్లా ఉపగ్రహ చిత్రాలతో యురేషియా మంచుకూ మన వానకూ ఉన్న ఎదురు సంబంధాన్ని మళ్లీ ముందుకు తెచ్చారు. వాతావరణ శాఖ 1988 నాటి 16 అంశాల అంచనా నమూనాలో హిమాలయ మంచుకూ చోటు దక్కింది. ఆ నమూనా 2002లో మామూలు వాన అంది. జులైలో సగమే కురిసింది, మొత్తం మీద 19 శాతం లోటు.

మంచు తగ్గితే వాన పెరుగుతుంది కదా, భూమి వేడెక్కడం మనకు లాభమే కదా అనేవాళ్లున్నారు. 2023, 2024, 2025 మూడేళ్లూ హిమాలయ ప్రాంతంలో మంచు తక్కువే నిలిచింది. దేశంలో వాన మాత్రం 2023లో సగటులో 94 శాతం, తర్వాతి రెండేళ్లూ 108 దాకా. 2023లో ఎల్ నినో, అంటే పసిఫిక్ నీరు వేడెక్కడం, మంచు ప్రభావాన్ని మించిపోయింది. పైగా హిందూ మహాసముద్రమూ కాగుతోంది కాబట్టి నేలకూ నీటికీ మధ్య వేడి తేడా అనుకున్నంత పెరగదు. వెచ్చటి గాలి మోసే తేమ మాత్రం పెరిగి ఒక్కసారే కుమ్మరిస్తుంది. 2022 జులైలో ఉమ్మడి ఆదిలాబాద్‌లోని కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కుల వరద ముంచుకొస్తే, 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. ఇక వానాధార పత్తి వేసే ఆదిలాబాద్ జిల్లా బేల, జైనథ్ నల్లరేగళ్లలో మిరుగు (మృగశిర కార్తె) తొలి వానకు గింజ పెడతారు; మరో వాన రెండు వారాలు ముఖం చాటేస్తే మొలక మాడిపోయి మళ్లీ విత్తనాలు కొనాలి. వాతావరణ శాఖ ఏప్రిల్ ప్రకటనలో మంచు లెక్క ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ ప్రకటన నాలుగు నెలల మొత్తం వాన గురించే. మిరుగుకూ ఆరుద్ర కార్తెకూ మధ్య బేలలో పడే వాన అందులో ఉండదు.