సైబర్ సెక్యూరిటీలో ఆడపిల్లలు: మద్దిలపాలెం నుంచి దారి ఎటు?

మద్దిలపాలెం చుట్టుపక్కల చదువులకు కొదవ లేదు. డాక్టర్ వి.ఎస్.కృష్ణా ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఇక్కడే ఉంది. ఆంధ్రా యూనివర్సిటీ పక్కనే. ఆ యూనివర్సిటీకి అమ్మాయిల కోసమే ప్రత్యేకంగా ఇంజినీరింగ్ కాలేజీ కూడా ఉంది. మన ఇళ్లలో డిగ్రీ చదివే ఆడపిల్లలు ఇప్పుడు చాలామందే. డిగ్రీ అయ్యాక ఏంటి అన్న దగ్గరే కుటుంబాలు ఆగిపోతున్నాయి.

కంప్యూటర్ ఉద్యోగం అనగానే భయపడే తల్లిదండ్రులనూ తప్పుపట్టలేం. 2024 మే నెలలో విశాఖ పోలీసులు ఒక ముఠా గుట్టు రట్టు చేశారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి ఇక్కడి యువకులను కంబోడియా పంపి, అక్కడ వాళ్లతో బలవంతంగా ఆన్‌లైన్ మోసాలు చేయించారు. డబ్బు కట్టి మరీ వెళ్లి ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు. అందుకే "ఇది నమ్మదగ్గ పనేనా?" అని అడిగే తండ్రి ప్రశ్న సరైనదే. జవాబు ఏంటంటే, సైబర్ సెక్యూరిటీలో అసలైన దారి తొలి మెట్ల దగ్గర దాదాపు ఉచితం. అక్కడే లక్షలు అడిగేవాళ్ల దగ్గర ఆగి ఆలోచించాలి.

ఇంతకీ ఇది ఏం పని?

బ్యాంకు, ఆసుపత్రి, పోర్టు, ప్రభుత్వ ఆఫీసు ఏదైనా సరే, దాని కంప్యూటర్లను, అందులోని జనం వివరాలను కాపాడటమే ఈ పని. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్నిటిని కూడా పట్టేసింది. అదే ఏడాది జూన్‌లో ఇలాంటి మరో దాడితో ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఒక టెర్మినల్ పని ఆగిపోయింది. పోర్టు, స్టీల్ ప్లాంటు, నేవీ ఉన్న విశాఖ లాంటి ఊరికి ఈ పని విలువ వేరే చెప్పాలా?

ఇందులో ప్రధానంగా కనిపించే పనులు ఇవి:

సాక్ అనలిస్ట్: కంపెనీ నెట్‌వర్క్‌ను రాత్రీపగలూ గమనిస్తూ, అనుమానంగా ఏది కనిపించినా పట్టుకోవడం.

పెనెట్రేషన్ టెస్టర్: యజమాని రాతపూర్వక అనుమతితో వెబ్‌సైట్‌లో, యాప్‌లో లోపాలు వెతకడం.

ఫోరెన్సిక్స్: నేరం జరిగాక ఫోన్లు, కంప్యూటర్లలో ఆధారాలు తీయడం.

జీఆర్‌సీ: నియమాలు, రిస్క్, ఆడిట్ చూసుకోవడం.

బీకాం అమ్మాయికి చోటు ఉందా?

ఉంది. జీఆర్‌సీ పనిలో కోడింగ్ తక్కువ. ఆడిట్, నియమ నిబంధనలు, రిపోర్టు రాయడం ఎక్కువ. దాడి జరిగితే ఆరు గంటల్లో చెప్పాలని కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. వీటిని పాటిస్తున్నామని కంపెనీలు కాగితం మీద చూపించాలి కాబట్టి లెక్కలు, ఆడిట్ చదివినవాళ్లకు అవసరం పెరిగింది. ఐసాకా సంస్థ ఇచ్చే సీసా సర్టిఫికెట్ ఈ దారిలో పేరున్నది. పరీక్ష ముందే రాయొచ్చు గానీ, సర్టిఫికెట్ చేతికి రావాలంటే ఐదేళ్ల అనుభవం అడుగుతారు. కొన్ని చదువులకు అందులో సడలింపు ఉంది.

రూపాయి కట్టకుండా మొదలుపెట్టేవి

మొదట నెట్‌వర్కింగ్, లినక్స్ రావాలి. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో సైబర్ సెక్యూరిటీ పరిచయ కోర్సు ఉచితం. లినక్స్ ఆదేశాలకు ఓవర్‌దవైర్‌లోని బ్యాండిట్ అనే ఆట మంచి అభ్యాసం. వెబ్‌సైట్ లోపాలకు పోర్ట్‌స్విగర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీ ఉచితం. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ నడిపే పికోసీటీఎఫ్‌లో ఇంటర్ పిల్లలు కూడా పజిళ్లు చేయొచ్చు.

ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితం. ఎథికల్ హ్యాకింగ్ కోర్సు ఐఐటీ ఖరగ్‌పూర్ నుంచి వచ్చింది. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు సుమారు 1000 రూపాయలు. గూగుల్ 2023లో తెచ్చిన సైబర్ సెక్యూరిటీ సర్టిఫికెట్ కోర్సెరాలో ఉంది. ఫీజు కట్టలేనివాళ్లు అక్కడే ఆర్థిక సాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఐఎస్‌సీ2 అనే సంస్థ పది లక్షల మందికి తొలి స్థాయి శిక్షణ, పరీక్ష ఉచితంగా ఇస్తామని 2022లో ప్రకటించింది. దీనికి పాత అనుభవం అక్కర్లేదు. అయితే పాసయ్యాక సర్టిఫికెట్ కోసం ఏటా 50 డాలర్లు కట్టాలి. ఉచిత అవకాశం ఇంకా ఉందా అన్నది పేరు నమోదుకు ముందే వాళ్ల సైట్‌లో చూసుకోవాలి.

తోడుగా నిలిచే మహిళా బృందాలు

పాఠాలు ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. కానీ ఉద్యోగం ఎక్కడుంది, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు అన్నది ముందు నడిచిన అక్కలే చెప్పగలరు. ఈ రంగంలో మహిళలు ప్రపంచం మొత్తం మీద నాలుగో వంతు దాటరన్నది తరచూ వినిపించే అంచనా. అందుకే ఈ బృందాలు పుట్టాయి.

విసిస్: 2013లో ప్రొఫెసర్ అంబరీన్ సిరాజ్ అమెరికాలోని టెన్నెసీ టెక్ యూనివర్సిటీలో మొదలుపెట్టారు. ఇండియాలో కూడా దీని విభాగం ఉంది. కాలేజీల్లో విద్యార్థి శాఖలు పెట్టుకునే వీలుంది.

ఇన్ఫోసెక్ గర్ల్స్: వందనా వర్మ ప్రారంభించిన భారతీయ బృందం. ఆమె ఓవాస్ప్ అంతర్జాతీయ బోర్డులో కూడా పనిచేశారు.

టీమ్ శక్తి: కేరళలోని అమృత విశ్వవిద్యాపీఠం అమ్మాయిల జట్టు. సెక్యూరిటీ పోటీల్లో పాల్గొంటుంది, తానే పోటీలు పెడుతుంది. విశాఖ కాలేజీల అమ్మాయిలకు ఇది మంచి నమూనా. నలుగురు స్నేహితురాళ్లు, ఒక లెక్చరర్ ఉంటే చాలు, మొదలవుతుంది.

నల్: ఆడా మగా అందరికీ తెరిచిన ఉచిత బృందం. హైదరాబాద్‌లో శాఖ ఉంది. దీని నల్‌కాన్ సదస్సులో మహిళల కోసం విన్జా పేరుతో పోటీ జరుగుతూ వచ్చింది.

పెద్ద కోర్సులు, ఫీజు సాయం

ఇంజినీరింగ్ అమ్మాయిల కోసం మైక్రోసాఫ్ట్, డీఎస్‌సీఐ కలిసి 2018లో సైబర్‌శిక్షా మొదలుపెట్టాయి. కొత్త బ్యాచ్ సమాచారం డీఎస్‌సీఐ సైట్‌లో చూడాలి. సీడాక్‌లో డిటిస్ అనే ఆరు నెలల పీజీ డిప్లొమా ఉంది. సీ-క్యాట్ ఎంట్రన్స్ రాయాలి. ఇది ముఖ్యంగా ఇంజినీరింగ్, ఎంసీఏ లాంటివి చదివినవాళ్లకు.

ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ మన కుటుంబాలు తప్పక తెలుసుకోవాల్సింది. సాంకేతిక డిగ్రీ లేదా డిప్లొమాలో చేరిన అమ్మాయికి ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు అర్హులు.

ఇంట్లో వచ్చే ప్రశ్నలు

"హ్యాకింగ్ అంటే దొంగపని కదా?" అనుమతి లేకుండా చేస్తే నేరమే. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా పడొచ్చు. అనుమతితో చేస్తే అది ఇంటికి తాళం సరిగా పడిందో లేదో చూసిపెట్టే పని, హలాల్ సంపాదన. అభ్యాసం మాత్రం పైన చెప్పిన సైట్లలోనే చేయాలి. కాలేజీ వెబ్‌సైట్ మీదో, స్నేహితురాలి ఫోన్ మీదో కాదు.

"రాత్రి డ్యూటీలు ఉంటాయా?" సాక్‌లో ఉంటాయి. జీఆర్‌సీ, ఆడిట్ ఎక్కువగా పగటి పనులే. చేరేముందే షిఫ్టు, రవాణా గురించి కంపెనీని రాతపూర్వకంగా అడగాలి.

"ఊరు వదలాలా?" ఈ ఉద్యోగాలు ఇప్పటికీ హైదరాబాద్, బెంగళూరులోనే ఎక్కువ. అయితే ఇన్ఫోసిస్ 2023లో విశాఖలో ఆఫీసు తెరిచింది. ఇక్కడ భారీ డేటా సెంటర్ కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఇంటి నుంచి చేసే పనులు కూడా కొన్ని ఉన్నాయి.

మోసపోకుండా ఉండాలంటే

నూరు శాతం ఉద్యోగం గ్యారంటీ అని చెప్పి ముందే పెద్ద మొత్తం అడిగితే అనుమానించాలి. ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడిగేది అసలు కంపెనీ కాదు. విదేశీ ఉద్యోగం అంటే ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడాలి. టూరిస్టు వీసా మీద పంపుతామంటే వద్దనాలి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్, రోజుకు గంటన్నర సమయం ఉంటే తొలి ఆరు నెలలు ఏ సంస్థకూ ఫీజు కట్టే పనే లేదు. ఆ ఆరు నెలలు నిలబడి చదివిన అమ్మాయికి ఈ పని తనకు సరిపడుతుందో లేదో తనకే తెలుస్తుంది. ఇంట్లోవాళ్లకూ తెలుస్తుంది. డబ్బు పెట్టాలా వద్దా అన్న మాట అప్పుడు కూర్చుని మాట్లాడుకోవచ్చు.