మా ఇంటిపేరు ఏ తొవ్వల వచ్చింది?

ఈసారి పత్తి గురించి కాదు, యూరియా గురించి కాదు, ఇంటిపేరు గురించి రాస్తున్న. పోస్టు జర పొడుగున్నది. రాత్రి బువ్వ తిన్నంక నిమ్మళంగ చదవండి. ఎందుకంటే ఇది నా ఒక్కని ముచ్చట కాదు, మీ పాసుబుక్కుల ముచ్చట కూడ.

మా ఇంటిపేరు వడ్లకొండ. మా తాత ఉన్నప్పుడు దీనికి ఒక కథ చెప్పేటోడు. మా ముత్తాతల కాలంల ఒక ఏడు పంట ఎంత పండిందంటే, కళ్లంల పోసిన వడ్ల కుప్ప కొండలెక్క కనవడిందట. చూసినోళ్లంత "వడ్లకొండోళ్లు" అని పిలిచిన్రట. చిన్నప్పుడు ఈ కథ విని నేను బడిల చాతి ఇరుసుకొని తిరిగేటోన్ని.

మొన్నటిదాక ఆ కథతోనే బతికిన. తాత పేరు మీద ఉన్న 2 ఎకరాల 14 గుంటలు విరాసత్ చేయించుకుందామని కాగితాలు ముందటేసుకుంటే అప్పుడు తెలిసింది. మూడు కాగితాలల్ల మూడు తీర్ల పేరు ఉన్నది. ఒకదాంట్ల "వడ్లకొండ". ఇంకోదాంట్ల "వడ్ల", "కొండ" రెండు ముక్కలు. మూడోదాంట్ల కొండ పోయింది, ఉత్త "వడ్ల" మిగిలింది.

ఏమైతది అంటరా? మన దిక్కు "వడ్ల" అంటే వడ్రంగి పని చేసేటోళ్ల ఇంటి ముందు వచ్చే మాట. మా ఊర్ల నిజంగనే వడ్లోళ్ల ఇల్లు ఉన్నది. ఆ ఇంటి తాతకు, మా తాతకు ఒక్కటే పేరు. అంటే కాగితం ప్రకారం మా భూమి వాళ్లది! నా దరఖాస్తు వాపసు వచ్చింది. "మీ తాత, ఈ పట్టాదారు ఒక్కరే అని రుజువు తెమ్మన్నరు."

రుజువు ఏడ తెస్తం? అందుకే ఇంటిపేరు ఎన్కపడ్డ. పొలంల పని లేని రోజులల్ల తిరిగిన.

ముందు కాగితం దిక్కు పోయిన. మన తెలంగాణల భూమి రికార్డుకు పునాది అంటే సేత్వార్, దాని తర్వాత 1954-55 ఖాస్రా పహాణి, ఆ తర్వాత 1955-58 చేసాల పహాణి. నిజాం కాలంల రాతకోతలన్ని ఉర్దూల నడిచినయి. 1948 సెప్టెంబర్ల పోలీసు యాక్షన్ అయినంక సుత రాసేటోళ్లు వాళ్లే, అలవాటు అదే. మా ఊరి ఖాస్రా నకలు తీస్తే ఉర్దూలనే ఉన్నది. సంవత్సరం ఫస్లీల ఉంటది. ఫస్లీకి 590 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తది, ఇది గుర్తుపెట్టుకోండి.

రిటైరైన ఒక ఉర్దూ సారు దగ్గరికి పోయి చదివించుకున్న. ఆయన ఓపికగ చెప్పిండు. ఉర్దూ రాతల పొట్టి అచ్చులు మామూలుగ రాయరు. చదివేటోడే పోల్చుకోవాలె. "వావ్" అనే ఒక్క అక్షరమే ఒకసారి వ, ఒకసారి ఊ, ఒకసారి ఓ అయితది. మన ళ, ణ లకు అందుల వేరే అక్షరాలే లేవు. ఇగ రాసినాయన కలం ఎత్తి పెట్టిన కాడ మాట రెండు ముక్కలైతది. "వడ్లకొండ" అని మా తాత చెప్పిండు, రాసినాయన సరిగ్గనే రాసిండు. దాన్ని తర్వాత తెలుగులకు దించినాయన "వడ్ల కొండ" అని చదివిండు. దాన్ని చూసి ఎక్కించినోళ్లు కొండను వదిలిపెట్టిన్రు. ఎవ్వరు కావాలని చేసింది కాదు. కని భూమి మాత్రం ఇంటిపేరుతోని పాటు రెండు ముక్కలైంది.

సారు ఇంకో మాట అడిగిండు. "వడ్లకొండ అనేది జనగామ కాడ ఊరు గదనయ్యా, మీది ఆ ఊరా?"

నాకు తల తిరిగినట్టయింది. ఆ ఊరి పేరు నేను వినలేదా అంటే విన్న. బస్సు మీద బోర్డు సుత చూసిన. కని మా కుప్ప కథ మనసుల గట్టిగ ఉన్నది కాబట్టి, ఆ ఊరికి మాకు సంబంధం ఉంటదని ఎన్నడు తోచలే.

ఒక్కసారి ఆలోచించండి. మన తెలుగోళ్ల ఇంటిపేర్లల్ల ఎన్ని ఊరి పేర్లో! బమ్మెర పోతన ఇంటిపేరు ఊరి పేరే, బమ్మెర మన పాలకుర్తి మండలంలనే ఉన్నది. పాల్కురికి సోమన పేర్ల ఉన్నది ఆ పాలకుర్తే. చాకలి ఐలమ్మ అని మనమందరం అంటం, ఆమె అసలు ఇంటిపేరు చిట్యాల. అది సుత ఊరి పేరే. ఇంకోటి చూడండి. పెద్ద కులపోళ్లను ఇంటిపేరుతోని పిలిచిన్రు, కష్టం చేసేటోళ్లను కులం పేరుతోని పిలిచిన్రు. ఐలమ్మ తన పంట గింజల కోసం దొరతోని కొట్లాడి నిలిచిన మనిషి. ఆమెకే ఇంటిపేరు ముందుకు రాకపాయె. మన ఊర్లల్ల ఎంతమంది తాతలకు రికార్డుల ఇంటిపేరే రాయలేదో!

ఇగ రాజుల ముచ్చట. మన ఓరుగల్లు ఏలిన కాకతీయులు ఉన్నరు గద, వాళ్ల పేరు సుత ఇట్లాంటిదే. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు కాడ ఒక శాసనం ఉన్నది. వాళ్ల వంశంల మొదటోడు వెన్నడు అని, ఆయన కాకతి అనే చోట ఉండి ఏలిండు కాబట్టి ఆయన ఎన్క వచ్చినోళ్లకు ఆ పేరు వచ్చిందని అందుల రాసి ఉన్నది. అంతకు మునుపు 956 నాటి మాగల్లు శాసనంల అదే ఇంటి మనిషిని "కాకర్త్య" గుండ్యన అని రాసిన్రు. అంటే రాయి మీద చెక్కిన రాజుల ఇంటిపేరే ఒక్క తీరుగ లేదు. మన పహాణీల ఉంటదా?

ఆ బయ్యారం శాసనం ఎవరు వేయించిన్రు? గణపతిదేవ చక్రవర్తి చెల్లె మైలమ. ఆమె నతవాడి వాళ్ల ఇంటికి కోడలుగ పోయింది. చెరువు తవ్వించి, దాని కాడ తన పుట్టినింటి వంశం మొత్తం ఒక్కొక్క పేరుతోని చెక్కించింది. వేరే ఇంటికి పోయిన ఆడబిడ్డ రాయించిన ఆ రాయితోనే ఇయ్యాల మనకు కాకతీయుల మొదటి తరాలు తెలుస్తున్నయి.

ఇది తెలిసినంక నాకు మా మేనత్త యాదికొచ్చింది.

మా నాయిన లేడు, పెదనాయిన లేడు. మా కాపోళ్లకు వంశాలు చెప్పే పిచ్చకుంట్లోళ్లు, ఇప్పుడు వంశరాజ్ అంటున్నరు, వాళ్లు మా ఊరికి రాక ఇరవై ఏండ్లు దాటింది. పద్మశాలోళ్లకు కూనపులోళ్లు, మాదిగోళ్లకు డక్కలోళ్లు, చాల కులాలకు ఇట్ల వంశం చెప్పేటోళ్లు ఉండేది. వాళ్లకు మనం పెట్టుడు బంద్ చేసినం, వాళ్లు వచ్చుడు బంద్ చేసిన్రు. ఇగ మిగిలింది మేనత్త ఒక్కతే. తొర్రూరు దిక్కు ఇచ్చిన్రు. ఎనభై దాటినయి. కండ్లు సరిగ్గ కనవడవు, యాది మాత్రం గట్టిగున్నది.

పోయి కూసోని వడ్ల కుప్ప కథ చెప్పిన. పండ్లు లేని నోటితోని నవ్వింది.

"కుప్ప లేదు, ఏం లేదు కొడుకా. అక్కడ కాలం గాలేదు. రెండేండ్లు వాన లేదు. తినతందుకు లేక వచ్చినం. మా తాత ఒక ఎడ్ల జత, ఒక నాగలి పట్టుకొని వచ్చి ఈడ దొర దగ్గర పాలుకు చేసిండు. కొత్తగ వచ్చినోళ్లం గద, ఊరోళ్లు వడ్లకొండోళ్లు అని పిలిచిన్రు. అదే నిలిచింది."

"మరి తాత గట్ల ఎందుకు చెప్పిండు అత్తా?"

"తిండికి లేక వచ్చినమని పిల్లలకు ఎవలు చెప్తరు బిడ్డా?"

నేను చాలాసేపు ఏం మాట్లాడలే. తాత మీద కోపం రాలే. ఆకలి దాచిపెట్టి పిల్లలకు వడ్ల కుప్ప చూపించిండు. నేను సుత అప్పులున్నప్పుడు మా పిల్లల ముందట ఎన్ని దాచిన్నో నాకు తెలుసు.

అత్త ఇంకో మాట చెప్పింది. ఆమె చిన్నగున్నప్పుడు తమ్ముని పుట్టెంటికలు తీయించేందుకు బండి కట్టుకొని వడ్లకొండకే పోయిన్రట, ఇంటి దేవత అక్కడ ఉన్నదని. ఆ తమ్ముడు మా నాయిననే.

తర్వాత ఒక రోజు బండేసుకొని వడ్లకొండకు పోయిన. చెట్టు కింద కూసున్న పెద్దమనుషులను అడిగిన, "ఈ ఊర్ల వడ్లకొండ ఇంటిపేరోళ్లు ఎవరన్న ఉన్నరా" అని. వాళ్లు మొఖాలు చూసుకున్నరు. నేను అడిగినోళ్లల్ల ఒక్కరికి సుత ఆ ఇంటిపేరు లేదు. ఒక ముసలాయన అన్నడు, "ఊర్లనే ఉన్నోన్ని ఊరి పేరుతోని ఎవలు పిలుస్తరయ్యా? ఊరు ఇడిసిపోయినోన్నే పిలుస్తరు."

నాకు అప్పుడు సమజైంది. ఊరి పేరు ఇంటిపేరు అయిందంటే, ఆ ఇల్లు ఆ ఊరిని ఇడిసి వచ్చిందన్నట్టు. మన ఊర్ల ఇంటిపేర్లు ఒక్కసారి లెక్కపెట్టండి. సగం ఇండ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చినయే. కరువుకు వచ్చినోళ్లు, వెట్టికి ఓర్వలేక రాత్రికి రాత్రి వచ్చినోళ్లు, ఇల్లరికం వచ్చినోళ్లు. "మేం ఈ ఊరి అసలోళ్లం, వాళ్లు ఎన్కొచ్చినోళ్లు" అని పంచాయితీల మాట్లాడుతం గద, ఆ మాట అనేటోని ఇంటిపేరే వేరే ఊరిది అయి ఉంటది. ఒక పెండ్లిల ఒక పద్మశాలి పెద్దమనిషి కలిసిండు, ఆయన ఇంటిపేరు సుత వడ్లకొండే. అంటే కులం వేరైనా బయలెల్లిన ఊరు ఒక్కటే. కొన్ని ఇంటిపేర్ల ఊర్లు ఇప్పుడు లేనే లేవు. రెవెన్యూ రికార్డుల "బేచిరాగ్" అని రాస్తరు. చిరాగ్ అంటే దీపం. దీపం లేని ఊరన్నట్టు. ఊరు పోయింది, పేరు మాత్రం ఎవరి ఇంటి మీదనో బతికి ఉంటది.

ఇది మన దగ్గరనే కాదు. మా చిన్నోడు బెంగళూరుల పని చేస్తడు, ఒకసారి కోలారు బంగారు గనుల దిక్కు పోయివచ్చి చెప్పిండు. 1880ల నుంచి ఆ గనులల్ల పని నేర్పేందుకు ఇంగ్లండు పడమటి కొసకున్న కార్న్‌వాల్ నుంచి గని పనోళ్లు వచ్చిన్రు. వాళ్లతోని మన తెలుగోళ్లు, తమిళోళ్లు కలిసి లోతు గనులల్ల పనిచేసిన్రు. ఆ కార్న్‌వాల్ వాళ్ల ఇంటిపేర్లు ట్రె, పోల్, పెన్ అనే మాటలతోని మొదలైతయట. వాళ్ల పాత భాషల ట్రె అంటే ఊరు, పోల్ అంటే మడుగు, పెన్ అంటే కొస. మనకు పల్లి, కుంట, కొండ ఉన్నట్టే. 1804ల పట్టాల మీద మొదటి ఆవిరి రైలింజను నడిపిన ట్రెవితిక్ ఆ దిక్కాయననే. చెనొవెత్ అనే ఇంటిపేరుకు అర్థం కొత్త ఇల్లు. మన కొత్తింటోళ్ల లెక్క! ఆ భాషను పుట్టుకతోని మాట్లాడిన ఆఖరు మనిషి డాలీ పెంట్రీత్ అనే చేపలమ్మే ముసలామె అని చెప్పుకుంటరు, 1777ల చనిపోయింది. ఆమె పేర్ల సుత పెన్ ఉన్నది. భాష మాట్లాడేటోళ్లు పోయినంక సుత ఆ మాటలు ఇంటిపేర్లల్ల మిగిలినయి. ఎక్కడైనా మట్టితోని బతికినోడు తన పేర్ల మట్టినే పెట్టుకున్నడు.

ఇగ నా ఫైలు ముచ్చట. వడ్లోళ్ల ఇంటికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పిన. ఆ ఇంటి పెద్దకొడుకు నాతోని పాటు వచ్చి, "ఆ భూమి మాది కాదు, మా తాత ఎన్నడు దున్నలే" అని కాగితం మీద సంతకం పెట్టిండు. ఆ సంతకం పెట్టకపోతే నేనేం చేసేటోన్నో! మేనత్త సుత ఆటోల వచ్చి వేలిముద్ర వేసింది. వేసినంక అడిగింది, "మన ఇంటి కాగితాలల్ల నా పేరు ఏడున్నదిరా?" వెతికితే ఎక్కడ లేదు. వంశం మొత్తం చెప్పిన మనిషి వంశవృక్షంల లేదు.

ఇంటికొచ్చి 200 పేజీల నోటుబుక్కు కొన్న. మొదటి పేజీల వడ్లకొండ ఊరి పేరు, ఎందుకు వచ్చినమో అది, అత్త చెప్పిన మాటలల్లనే రాసిన. తర్వాత ఒక్కొక్కరి పేరు, ఆడబిడ్డలవి సుత, ఏ ఊరికి ఇచ్చినమో, ఇప్పుడు వాళ్ల ఇంటిపేరు ఏందో రాసిన. కోడళ్లుగ వచ్చినోళ్ల పుట్టినింటి పేర్లు సుత రాసిన. మా అమ్మ ఇంటిపేరు ఎట్ల రాయాలెనో నాకు సక్కగ తెలియదని అప్పుడు తెలిసి, మేనమామకు ఫోన్ చేసి అడిగిన.

మీకు చెప్పేది ఇంతే. పాసుబుక్కు, ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్, నాలుగు పక్కపక్కన పెట్టి ఇంటిపేరు ఒక్క తీరుగ ఉన్నదో లేదో చూడండి. తాత పేరు మీద భూమి ఉంటే ఖాస్రా పహాణి నకలు ఇప్పుడే తీసుకోండి. ఉర్దూల ఉంటే చదివేటోళ్లు ఉన్నప్పుడే చదివించి తెలుగుల రాసి పెట్టుకోండి. అన్నిటికంటె ముందు, వేరే ఇంటికి పోయిన మీ మేనత్తల దగ్గరికి పోండి. పండుగకు చీర పెట్టి రావొద్దు, ఒక పూట కూసోని అడగండి. వాళ్లు పోయినంక ఏ ఆఫీసుల నకలు దొరకదు.

నా ఫైలు ఇంకా నడుస్తున్నది. ఈలోపు నాట్లు ఉన్నయి, నారు ముదురుతున్నది. పని అయితే మల్ల రాస్త.