ఓడల ఉక్కు, గుండె ప్రతిధ్వని

విశాఖపట్టణపు నౌకానిర్మాణశాలకు 1941లో పునాదిరాయి పడినది. 1948 మార్చి 14న ‘జల ఉష’ అను ఓడ అచ్చటినుండి నీటిలోనికి జారినది. ఓడలకు వాడు ఉక్కు పలకలలో కంటికి కనబడని పగులు మిగిలినచో ప్రమాదము. దానిని కనిపెట్టుటకు ఉక్కులోనికి చెవికి వినబడని ధ్వనిని పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనిని పరీక్షించు యంత్రములు కలవు. కొట్టుకొనుచున్న గుండె ప్రతిధ్వనిని ఎడ్లర్, హెర్ట్జ్ గార్ల పరిశోధనలో మొదట చూపినది ఇట్టి ఓడరేవు యంత్రమే.

సెకండుకు 20,000 సార్లకు మించి కంపించు ధ్వనిని మనుష్యుడు వినలేడు. దీనిని అతిధ్వని అందురు. 1940 దశకములో వాల్తేరునందు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో, సూరి భగవంతము, బి. రామచంద్రరావు గార్లు అతిధ్వని తరంగములవలన కాంతి వివర్తనము చెందుటను పరిశోధించి ‘నేచర్’ పత్రికలో ప్రకటించిరి. అది కేవలము భౌతికశాస్త్రము. అదే ధ్వనిని గుండెవైపు త్రిప్పినవారు స్వీడను దేశస్థులు.

లుండ్ నగరములో ఇంగె ఎడ్లర్ అను హృద్రోగ వైద్యుడుండెను. మైట్రల్ కవాటము ఇరుకైనదో, కారుచున్నదో శస్త్రచికిత్సకు ముందే తేల్చవలసిన భారము ఆయనది. పొరపడినచో రోగి ప్రాణమునకే ముప్పు. ఆయన హెల్మూత్ హెర్ట్జ్ అను భౌతికశాస్త్రజ్ఞుని సాయము కోరెను. 1953లో హెర్ట్జ్ మాల్మో రేవులోని కోకుమ్స్ నౌకానిర్మాణశాల యంత్రమును ఎరువు తెచ్చి తన రొమ్ముపైననే పెట్టి చూచెను. గుండెతోపాటు ప్రతిధ్వనియు కదలినది! పిమ్మట సీమెన్స్ సంస్థ ఇచ్చిన యంత్రముతో అక్టోబరు 29న మొదటి రికార్డు తీసిరి.

తెరపై ఎగిరిపడు ఒక గీతను వారు మొదట ఎడమ కర్ణిక గోడ అనుకొనిరి. మరణించిన రోగుల గుండెలను పరీక్షించిన మీదట అది మైట్రల్ కవాటపు రేకు అని తేలినది. ఇరుకైన కవాటపు రేకు నెమ్మదిగా మూతపడును గనుక, ఎడ్లర్‌కు కావలసిన జవాబు ఆ గీతలోనే దొరకినది. రోగి భవిష్యత్తును చెప్పుట అప్పటికెవరి ఉద్దేశమును కాదు.

1960 దశకములో అమెరికాలో హార్వే ఫైగెన్‌బామ్ మొదలగువారు ఎడమ జఠరికను కొలుచుటకు పూనుకొనిరి. శరీరములో ధ్వని సెకండుకు సుమారు 1,540 మీటర్లు పోవును. 15 సెంటీమీటర్ల లోతునుండి ప్రతిధ్వని తిరిగివచ్చుటకు సెకండులో 5,000వ వంతు చాలును. ఆ కాలమునుబట్టి గోడల దూరమును, దూరమునుబట్టి జఠరిక పరిమాణమును లెక్కింపవచ్చును. నిండినప్పుడు 120 మిల్లీలీటర్ల రక్తముండి, ముడుచుకొనిన పిమ్మట 50 మిగిలినచో, బయటికి పోయినది 70, అనగా 58 శాతము. దీనిపేరు ఎజెక్షన్ ఫ్రాక్షన్. ఆరోగ్యవంతుని గుండెయు నూటికి నూరు పంపదు. 40 శాతమన్నంత మాత్రాన ఆయుర్దాయములో 40 వంతులే మిగిలినవని కాదు. రోగులు తరచుగా పొరబడునది ఇచ్చటనే. గుండె వైఫల్యమనగా గుండె ఆగుట కాదు, శరీరమునకు చాలినంత రక్తమును అందింపలేకపోవుట.

ఈ సంఖ్య ఎంతవరకు జోస్యము చెప్పగలదు? 7,599 మంది గుండె వైఫల్య రోగులపై జరిగిన ‘చార్మ్’ పరిశోధన 2005లో దీనికి సమాధానమిచ్చినది. 45 శాతమునకు దిగువన, 10 శాతము తగ్గినకొలది మరణభయము 39 శాతము చొప్పున పెరిగినది. 45కు పైన మాత్రము సంఖ్య పెరిగినను అపాయము మరి తగ్గలేదు. బాగుగా ముడుచుకొనియు సరిగా సడలలేని గుండెలున్నవి. వాటి సంగతి ఈ శాతము చెప్పదు. అందుకే డాప్లర్ పద్ధతిలో జఠరికలోనికి వచ్చు రక్తపు వేగమును కూడ చూతురు. రక్తము ఒక్కపెట్టున దూకి వెంటనే ఆగినచో, లోపలి ఒత్తిడి హెచ్చినదనుటకు అది గుర్తు, మంచి గుర్తు కాదు.

జోస్యము తెలిసి చేయదగినదేమి? గుండెపోటు వచ్చి 30 శాతము, అంతకు తక్కువ ఉన్నవారికి, లయ తప్పినప్పుడు విద్యుత్తుతో సరిదిద్దు చిన్న యంత్రమును శరీరములో అమర్చి చూచిరి. 2002లో ప్రకటించిన ఫలితము ప్రకారము, సుమారు 20 నెలలలో, యంత్రము లేనివారిలో నూటికి 19.8 మంది, ఉన్నవారిలో 14.2 మంది మరణించిరి. అయినను మొదటి కొలతనే నమ్మి వైద్యులు తొందరపడరు. కనీసము మూడు నెలలు మందులిచ్చి ఎకో పరీక్షను మరల చేయుదురు. కొందరి గుండెలు ఈ లోపుననే కోలుకొని, ఆ యంత్రముతో పని లేకుండ పోవును.