వెంకటగిరి దాసు, పిస్తోలు రాణులు

ప్యాంటు తొడుక్కుని, చేతిలో పిస్తోలు పట్టుకుని, తనవాళ్లను చంపినవాళ్లను వెతుక్కుంటూ ఒక ఆడపిల్ల బయలుదేరింది. 1970లో 'రౌడీ రాణి' తెర మీద చేసిన అల్లరి ఇది. కాపాడటానికి వచ్చే హీరో కోసం ఆమె ఎదురుచూడదు. తన్నాల్సింది తనే, కాల్చాల్సిందీ తనే. నేల టికెట్ జనానికి అప్పటిదాకా ఎక్కువగా డాన్సుల్లోనే కనిపించిన విజయలలిత ఈ ఒక్క దెబ్బతో లేడీ జేమ్స్ బాండ్ అయిపోయింది.

ఈ హడావుడి వెనక ఉన్నది ఒక నెల్లూరు జిల్లా మనిషి.

కె.ఎస్.ఆర్. దాస్ పుట్టింది వెంకటగిరిలో. జరీ చీరలకు, సంస్థానానికి పేరుపడ్డ ఆ ఊరు 2022 విభజనలో తిరుపతి జిల్లాకు పోయింది గానీ దాసు రోజుల్లో అచ్చంగా నెల్లూరు సీమే. శోభన్ బాబుతో 'లోగుట్టు పెరుమాళ్లకెరుక' (1966) తీసి ఆయన దర్శకుడయ్యాడు. నీతులు, నిట్టూర్పులు ఆయన సరుకు కాదు. కథ నిలబడి ఆలోచించే లోపలే ఒక ఫైటింగు, అది ముగిసీ ముగియకముందే ఒక ఛేజింగు. తర్కం వెతికేవాడు టికెట్ డబ్బులు దండగ చేసుకున్నట్టే.

1971లో హీరో కృష్ణ సొంత సంస్థ పద్మాలయా కోసం ఆయన తీసిన 'మోసగాళ్లకు మోసగాడు' ఆగస్టు 27న విడుదలైంది. సెర్జియో లియోని ఇటాలియన్ కౌబాయ్ సినిమాలు, 'మెకన్నాస్ గోల్డ్' కలిసి రాజస్థాన్ ఇసుకలో తెలుగు మాట్లాడాయి. బ్రిటిష్‌వాళ్లకు దక్కకుండా దాచిన సంస్థానపు నిధి, దాని వెంట గుర్రాలు, టోపీలు, తుపాకులు! రాసింది ఎవరనుకున్నారు? ఆరుద్ర. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' సంపుటాలు రాసిన పండితుడే కౌబాయ్‌కి మాటలు కూర్చాడంటే ఆనాటి మద్రాసు కోడంబాకం సినిమా లోకం ఎంత విశాలమైనదో చూడండి. సినిమా హిందీలోకి 'గన్ ఫైటర్ జానీ'గా, ఇంగ్లీషులోకి 'ట్రెజర్ హంట్'గా వెళ్లింది. 'షోలే' గుర్రాలు పరుగెత్తడానికి అప్పటికింకా నాలుగేళ్లుంది.

అదే ఏడు 'జేమ్స్ బాండ్ 777' కూడా వచ్చింది. దొరల బాండుకు రెండు సున్నాలు, ఒక ఏడు. మన కృష్ణకు మూడూ ఏడులే!

కృష్ణ కౌబాయ్‌ని అందరూ తలుచుకుంటారు గానీ దాసు అసలు తెగువ ఆ ఆడపాత్రల్లో ఉంది. ఆడదాని చేతికి ఆయుధం ఇచ్చిన మొదటివాడు ఆయన కాదు. బొంబాయిలో నాదియా 1935లోనే 'హంటర్‌వాలీ'గా కొరడా ఝళిపించింది. హాంకాంగ్‌లో చెంగ్ పెయ్ పెయ్ 1966లో 'కమ్ డ్రింక్ విత్ మీ'లో కత్తి దూసింది. కానీ లోకమంతటా అభిమానులు నెత్తిన పెట్టుకునే జపాన్ 'లేడీ స్నోబ్లడ్', అమెరికాలో పామ్ గ్రియర్ 'కాఫీ' వచ్చింది 1973లో. మన రౌడీ రాణి వాళ్లిద్దరికంటే మూడేళ్లు ముందు. ఆమె 1972లో 'రాణీ మేరా నామ్' అంటూ హిందీ కూడా మాట్లాడింది. జ్యోతిలక్ష్మి కథానాయికగా 'పిస్తోల్‌వాలి' వచ్చిందీ ఆ ఏడే. పేరులోనే నాదియా వాసన కొడుతుంది.

అలాగని ఇవి స్త్రీ విముక్తి చిత్రాలని మురిసిపోనక్కర్లేదు. పగ తీర్చుకునే మనిషిని చూపిస్తూనే కెమెరా ఆమె ఒంటి మీద కూడా ఒక కన్నేసి ఉంచుతుంది. పోస్టర్లు సరేసరి. అయినా ఆ చౌక సినిమాలోనే ఒక నాట్యతార కథ మొత్తాన్ని భుజాన వేసుకుని నడిచే చోటు దొరికింది. పెద్ద పేరున్న కుటుంబ కథా చిత్రాల్లో అలాంటి చోటు అరుదు. విజయలలిత అక్క కూతురు విజయశాంతి 1990లో 'కర్తవ్యం'లో లాఠీ పట్టి జాతీయ ఉత్తమ నటి అయ్యేనాటికి ఆ చోటుకు గౌరవం కూడా వచ్చింది.

ఈ పిస్తోలు సినిమాల తర్వాత దాసు కన్నడంలో విష్ణువర్ధన్‌తో వరుసగా సినిమాలు తీశాడు. హిందీ 'డాన్'ను ఎన్టీఆర్‌తో 'యుగంధర్' (1979)గా మార్చాడు. 2012 జూన్‌లో చెన్నైలో కన్నుమూశాడు. 2023 మే 31న, కృష్ణ పోయాక వచ్చిన మొదటి పుట్టినరోజున, 'మోసగాళ్లకు మోసగాడు' కొత్త హంగులతో మళ్లీ థియేటర్లకెక్కింది. 'రౌడీ రాణి'కి కూడా అలాంటి మెరుగు దిద్దేవాళ్లెవరైనా ముందుకొస్తే, చూడటానికి ఈలలు వేసే జనం ఇప్పటికీ ఉన్నారు.