కాగితం పేరు, సంఘం పేరు

1854 జనవరి 1 ఉదయాన ఒంగోలు పక్కనున్న కొండ మీదికి ఐదుగురు ఎక్కి ప్రార్థన చేశారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, నర్సు అనే తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. తెలుగు బాప్టిస్టు సంఘాల చరిత్ర ఎవరు చెప్పినా ఈ కొండ దగ్గర కాసేపు ఆగుతారు. ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్లే. అయినా అది జ్యూయెట్ దొర ప్రార్థించిన కొండగానే జ్ఞాపకాల్లో మిగిలింది. ఆయన భార్య ఆయన ఇంటిపేరులో కలిసిపోయింది. జూలియా, రూతు ఆ కథలో ఒక్కొక్క పేరుతో కనబడి, అలాగే దాటిపోతారు.

చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినదాన్ని కాబట్టి ఈ ఒంటి పేర్లు నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నాయి. 1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు మనమంతా ఒక పాఠం నేర్చుకున్నాం. ఆడవాళ్ల దగ్గరికి వెళ్లాలి, వాళ్ల కథ వాళ్ల గొంతులోనే వినాలి, వాళ్ల పేరు రాయాలి. ఆ పాఠంలోని ఆఖరి మాట దగ్గర నేను ఈమధ్య నానక్‌రామ్‌గూడలో ఆగిపోవలసి వచ్చింది.

అక్కడికి వెళ్లేముందు ఒంగోలు కథ ఇంకొంచెం చెప్పాలి. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ ప్రాంతపు మాదిగల్లో క్రైస్తవం ఒక పెద్ద కదలికగా మారడానికి ఆయన ముఖ్య కారణం. మిషనరీ జాన్ క్లౌ పేరు అందరికీ తెలుసు, పేరయ్య పేరు కొందరికి తెలుసు. పేరయ్య క్రైస్తవుడు కాకముందే రాజయోగం నేర్చుకున్నాడనీ, నేర్పిన గురువు బండికట్ల వీరమ్మ అనే స్త్రీ అనీ తెలిసినవాళ్లు బహుకొద్దిమంది. మాదిగ శిష్యుడికి ఆత్మవిద్య చెప్పడానికి ఆమె వెనకాడలేదు. కరువు రోజుల్లో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్న వాళ్లకు కూలి ఇప్పించాడు. ఆ తర్వాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకెను అందరూ చెబుతారు. అందులో ఆడవాళ్లెందరు అని మాత్రం ఎవరూ అడగరు.

ఆ తరం సంఘాలను నిలబెట్టింది బైబిలు స్త్రీలు. మిషనరీ మగవాడికి ప్రవేశం లేని ఘోషా ఇళ్లలోకి వాళ్లు వెళ్లారు. ఊరూరా నడిచి పాటలు నేర్పారు, అక్షరాలు దిద్దించారు, రోగుల పక్కన కూర్చున్నారు. వాళ్లలో వితంతువులు చాలామంది. తెలుగు బైబిలు స్త్రీల మీద జేమ్స్ ఎలీషా తనేటి 2013లో ఒక పుస్తకమే రాశారు. అయినా మన స్త్రీల చరిత్రలో, ఆడవాళ్ల చదువు గురించి మాట్లాడేటప్పుడు కూడా, ఈ జీతగత్తెలైన ఉపాధ్యాయినులు ఇంకా గుమ్మం బయటే ఉన్నారు.

ఇదంతా కోస్తా కథ కదా, నానక్‌రామ్‌గూడకేం సంబంధం అనిపించవచ్చు. వలసే సంబంధం. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు నానక్‌రామ్‌గూడ శేరిలింగంపల్లి వైపున్న ఒక ఊరు. ఇప్పుడది ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. 2008లో అవుటర్ రింగ్ రోడ్డు మొదటి భాగం ఇటునుంచే శంషాబాద్ దాకా తెరుచుకుంది. 2023లో అమెరికా కాన్సులేట్ బేగంపేట పైగా ప్యాలెస్ వదిలి ఇక్కడికి వచ్చింది. ఈ అద్దాల మేడల్ని కట్టినవాళ్లు, కడుగుతున్నవాళ్లు వాటి వెనక ఇరుకు సందుల్లో ఉంటారు. 2016 డిసెంబర్ 8 రాత్రి ఇక్కడే కడుతున్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది విజయనగరం జిల్లా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి పనికోసం వచ్చినవాళ్లు.

నా హాస్టలు స్నేహితురాలు ఒంగోలు మనిషి. టీచరుగా రిటైరై ఇక్కడ కూతురి ఫ్లాటులో ఉంటోంది. శనివారం సాయంత్రం వెళ్లి సోమవారం దాకా వాళ్లింట్లోనే ఉన్నాను. కారులో పెద్ద చర్చికి తీసుకెళతానని కూతురు ఎన్నిసార్లు చెప్పినా ఈమె వినదు. ఆదివారం పొద్దున్నే చీర కొంగు తలమీదికి లాక్కుని, బైబిలు చంకన పెట్టుకుని, సందులో ఉన్న సంఘానికి నడిచి వెళుతుంది. నాకు ఏ దేవుడితోనూ పెద్దగా పరిచయం లేదు. స్నేహం కోసం వెంట వెళ్లాను.

ఒక కిరాయి ఇంటి డాబా మీద రేకుల షెడ్డు. కింద చాపలు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. డోలక్కు, కీబోర్డు, మూల నీళ్ల డ్రమ్ము. నలభై మందిలో ముప్పైమందికి పైగా ఆడవాళ్లే. పాలమూరు, ప్రకాశం, కర్నూలు, విజయనగరం. ఇళ్లలో వంట, అంట్లు, ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్, ఇటుకల మోత. గుమ్మం మీద బోర్డులో పాస్టరుగారి పేరు, ఫోన్ నంబరు. చాపలు పరిచింది, కానుకల సంచి తిప్పింది, కొత్తవాళ్లను కూర్చోబెట్టింది, చివర్లో అందరికీ పులిహోర పెట్టింది ఆడవాళ్లు. పాస్టరుగారి భార్యను అందరూ 'అమ్మగారు' అంటారు. ఆవిడకు గౌరవం ఉంది, జీతం లేదు.

ప్రసంగం భార్యల విధేయత గురించి. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో 1976లోనే స్త్రీకి గురువుగా అభిషేకం జరిగింది. 2013లో నంద్యాల డయోసిస్‌కు ఇ. పుష్పలలిత ఆ సంఘపు మొదటి మహిళా బిషప్ అయ్యారు. ఇలాంటి స్వతంత్ర సంఘాల దాకా ఆ గాలి రాలేదు. ఇక్కడ వేదిక మగవాళ్లది.

కానీ ప్రసంగానికి ముందు సాక్ష్యాలున్నాయి. అవి ఆడవాళ్లవి. ఒకామె లేచి, "అందరికీ వందనాలండీ" అని మొదలుపెట్టి పది నిమిషాలు మాట్లాడింది. కరువొచ్చి ఊరు వదిలిన సంగతి, తాగొచ్చి కొట్టిన మొగుడి సంగతి, దొంగతనం అంటగట్టి జీతం ఎగ్గొట్టిన యజమానురాలి సంగతి, ముప్పై దాటాక బైబిల్లో అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న సంగతి. ప్రతి మలుపులోనూ "దేవునికి స్తోత్రం" అంటుంది. ఆ మొగుడు ఎదుటి చాప మీద తలొంచుకుని కూర్చునే ఉన్నాడు. ఇంట్లో అంటే మళ్లీ దెబ్బలు తినాల్సిన మాట ఇక్కడ స్తోత్రం మధ్యలో నలుగురి ముందూ చెప్పగలిగింది. దళిత స్త్రీల ఆత్మకథలు తక్కువగా వస్తున్నాయని మన సభల్లో బాధపడుతుంటాం. కాగితం దాకా రాని ఆత్మకథలు ఇలాంటి షెడ్లలో ప్రతి ఆదివారం వినబడుతున్నాయి. సాక్ష్యం ఒక సాహిత్య ప్రక్రియ. దానికి మొదలుంది, నడక ఉంది, వినేవాళ్లున్నారు. విమర్శకులే లేరు.

సాక్ష్యం అయ్యాక ఆమె నా స్నేహితురాలి తలమీద చెయ్యి పెట్టి మోకాళ్ల నొప్పి తగ్గాలని ప్రార్థించింది. స్నేహితురాలు కళ్లు మూసుకుని, "ఆమెన్ అక్కా" అంది. సోమవారం పొద్దున కాలింగ్ బెల్ మోగితే తలుపు తీశాను. గుమ్మంలో అదే అక్క. గిన్నెలు కడగడానికి వచ్చింది.

ఆమె వంటింట్లోకి వెళ్లాక స్నేహితురాలు నెమ్మదిగా అంది: "ఆదివారం ఆమె నా తలమీద చెయ్యి పెడుతుంది. సోమవారం నేను ఆమె చేతికి చీపురిస్తాను. ఇందులో ఏది నిజమే?"

నా దగ్గర జవాబు లేదు. పని అయ్యాక ముగ్గురం కూర్చుని టీ తాగాం. ఆమె సాక్ష్యం రాసుకుంటానని అడిగితే సంతోషంగా ఒప్పుకుంది. నోట్‌బుక్కు తెరిచి పేరు అడిగాను.

"ఏ పేరమ్మా? కాగితం పేరా, సంఘం పేరా?"

కాగితం పేరు ఊళ్లో అమ్మమ్మ పెట్టింది. ఆధార్‌లో, రేషన్ కార్డులో, పిల్ల కులం సర్టిఫికెట్టు వెనకున్న దరఖాస్తులో అదే ఉంది. సంఘం పేరు బాప్తిస్మం నాడు తీసుకున్నది. రెండూ ఒకచోట రాస్తే ఏమవుతుందో ఆమెకు నాకంటే బాగా తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల గుర్తింపు మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులను తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సి కింద, 1 శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టారు. క్రైస్తవం తీసుకున్నవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. బాప్తిస్మం తీసుకున్నా వాడలో ఇల్లు మారదు, చేతిలో చీపురూ మారదు. మారేది కాగితమే.

"నా సాక్ష్యం రాసుకోండమ్మా. పేరు మాత్రం వద్దు. పిల్ల చదువయ్యేదాకా."

చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవాలి కదా అంటే నవ్వి ఊరుకుంది.

జూలియాకు, రూతుకు ఇంటిపేరు రాయాలని ఎవరికీ తోచలేదు. ఈమె పేరు రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను, ఆమే వద్దంది. మొదటిది నిర్లక్ష్యం. రెండోది బిడ్డ కోసం ఒక తల్లి తెలిసి తీసుకున్న నిర్ణయం. నూట డెబ్బై ఏళ్ల తర్వాత చరిత్రకారిణి పుస్తకంలో రెండూ ఒకేలా ఖాళీగా కనబడతాయి. పేరు రాయడమే న్యాయం అనుకునే మన పద్ధతి, రాస్తే ఎవరికి నష్టమో కూడా అడగాలి. పేరు లేకుండానే ఊరు, పని, వలస దారి, కూలి, ఆమె వాడిన మాట, ఆమె ఆగిన చోటు రాసిపెట్టవచ్చు. ఆ పేరు ఎందుకు లేదో కూడా పక్కనే రాయాలి. అప్పుడే రేపు చదివేవాళ్లు ఈ ఖాళీని ఆ పాత ఖాళీతో కలిపి చూడరు.

క్రైస్తవ స్త్రీలకు విడాకుల హక్కు సమానంగా ఉండాలని మహిళా సంఘాలు ఏళ్ల తరబడి పట్టుబట్టాయి. 2001లో ఆ చట్టం మారింది. 1950 ఉత్తర్వు మాత్రం ఇప్పటికీ దళిత క్రైస్తవుల సమస్యగా, మగ నాయకులు విజ్ఞాపనలు ఇచ్చే విషయంగానే ఉండిపోయింది. ఆ చాపల మీద కూర్చున్నవాళ్లలో నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. పిల్లల సర్టిఫికెట్ల కోసం మండలాఫీసు చుట్టూ తిరిగేది, అక్కడ ఏ పేరు చెప్పాలో గుర్తుపెట్టుకునేది వాళ్లే. దీన్ని స్త్రీల సమస్యగా మన పత్రికల్లో, మన సభల్లో మాట్లాడటానికి ఇంకెవరి అనుమతీ అక్కర్లేదు.