నాటకానికి పరిషత్తు ఉంది, మన డోలుకు ఎవరున్నారు?

భీమడోలు నుంచి దక్షిణానికి వెళితే కొల్లేరు. ఉత్తరానికి ద్వారకా తిరుమల, కామవరపుకోట, జంగారెడ్డిగూడెం దాటితే బుట్టాయగూడెం మన్యం. కొండ వైపు కోయలు, కొండరెడ్లు ఉన్నారు. పల్లపు వైపు ఎరుకల, యానాది కుటుంబాలు ఉన్నాయి. మన పండుగలు వేరు, పాటలు వేరు. కానీ మనందరినీ కలిపే ప్రశ్న ఒకటుంది: మన కళను నిలబెట్టే బాధ్యత ఎవరిది? జవాబు కోసం కొంచెం చరిత్ర తెలుసుకుందాం.

తెలుగు నాటకరంగంలో పరిషత్తు అనే మాట వినని వారుండరు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు మొదలైంది. దానికి మూలపురుషుడు వనారస గోవిందరావు. ఆయన సురభి నాటక కుటుంబాలకు ఆద్యుడు. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో పుట్టిన ఆ సమాజం ఇల్లూ వాకిలీ బండి మీద వేసుకుని ఊరూరా తిరిగి నాటకాలాడింది. అంటే తెలుగు నాటకానికి పెద్ద పరిషత్తును తలపెట్టింది జమీందారో ప్రభుత్వమో కాదు, డేరాల్లో బతికిన కళాకారుడు. ఈ సంగతి మన యువత గుర్తుంచుకోవాలి.

పరిషత్తులు చేసిన పని కళాకారులను ఒకచోట చేర్చడం, పోటీలు పెట్టడం, న్యాయనిర్ణేతలను కూర్చోబెట్టడం, బహుమతులివ్వడం. ఊరి వర్తకులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు చందాలు వేసుకుని నడిపారు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో ఇలాంటివి ఎన్నో వెలిశాయి. వాటివల్ల కొత్త రచయితలు, నటులు వచ్చారు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథ వంటి పల్లె కళలను కూడా పెద్ద వేదికల మీదికి తెచ్చింది.

ఆ రోజుల్లో మనవాళ్లు ఎక్కడున్నారు? బ్రిటిష్ వారు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 తరువాత అది మద్రాసు రాష్ట్రానికీ విస్తరించింది. దాని కింద నమోదైన ఎరుకల కుటుంబాలు ఊరు దాటాలన్నా పోలీసులకు చెప్పుకోవలసి వచ్చేది. బుట్టలల్లి, ఎరుక చెప్పి ఊరూరా తిరిగి బతికే జాతికి తిరగడమే నేరమైంది. తెనాలిలో పరిషత్తు పుట్టిన 1929లో కూడా ఆ చట్టం అమలులోనే ఉంది. స్వతంత్రం వచ్చిన ఐదేళ్లకు, 1952లో గాని అది దేశమంతటా రద్దు కాలేదు. ఒకరికి వేదిక దొరికిన కాలంలో మరొకరికి హాజరు పట్టీ దక్కింది.

తరువాత ప్రభుత్వమే కళలను ఆదరించడం మొదలుపెట్టింది. 1953లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ ప్రారంభమైంది. 1957లో ఆంధ్రప్రదేశ్‌కు సొంత అకాడమీ వచ్చింది. 1983లో రాష్ట్ర ప్రభుత్వం అకాడమీలను రద్దు చేసింది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇందులో మనకొక పాఠం ఉంది. ప్రభుత్వం ఇచ్చింది ప్రభుత్వమే తీసేయగలదు. జనం చందాలతో నిలిపినదాన్ని జనమే కాపాడుకోవాలి, కాపాడుకోగలరు కూడా.

మన కళకు గుర్తింపు రాలేదని కాదు. మణుగూరు ప్రాంతపు కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. కోయ వంశాల కథలు, సమ్మక్క సారలమ్మల కథ నోటికి వచ్చిన పెద్దమనిషి ఆయన. అలాంటి పెద్దలు రాలిపోతే వారి నోట ఉన్న కథలూ పోతాయి. ఒక బిరుదు ఒక మనిషిని గౌరవిస్తుంది, ఆ విద్య పక్కవాడికి అందాలంటే నేర్పే ఏర్పాటు ఉండాలి.

ఇప్పుడు అవసరం ఇంకా పెరిగింది. పోలవరం ముంపు వల్ల కోయ, కొండరెడ్డి గూడేలు పునరావాస కాలనీలకు కదిలాయి. కొమ్ముల తలపాగా, డోలు సామాను బండిలో ఎక్కుతాయి. గూడెం పక్క చెట్టు, కొండ దేవత ఎక్కవు. పండుగకు ఆడే ఆట నేడు చాలాచోట్ల ప్రముఖులకు స్వాగతం పలికే ఆటగా మిగులుతోంది. ఎండలో గంటల తరబడి నిలబెట్టి, భోజనం పెట్టి పంపడం ఆదరణ కాదు.

అందుకే మనకు మన పరిషత్తు కావాలంటున్నాం. రాష్ట్ర సంఘాల నమోదు చట్టం, 2001 ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. అయితే నాటక పరిషత్తులను ఉన్నదున్నట్టు అనుకరించకూడదు. పోటీ అంటే గడియారం ఉంటుంది. తెల్లవార్లూ సాగే రేలపాటను పది నిమిషాలకు కుదిస్తే బహుమతి వస్తుందేమో గాని పాట చిక్కిపోతుంది. పండుగ ఆటను పండుగకే ఉంచి, వేదిక మీద ఏది చూపవచ్చో పెద్దలే చెప్పాలి.

ఆ పరిషత్తుకు నాలుగు పనులు చాలు. పెద్దల అనుమతితో పాటలను, కథలను వారి భాషలోనే రికార్డు చేయాలి. బృందానికి ఇంత పారితోషికమని ముందే నిర్ణయించాలి. సెలవు రోజుల్లో పిల్లలకు డోలు, బుట్ట అల్లిక నేర్పాలి. లెక్కలు ఏడాదికొకసారి అందరి ముందు చదవాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఫోను మీ చేతిలో ఉంది, చదువు మీకు వచ్చింది. పాట మాత్రం ఇంకా అవ్వ దగ్గరే ఉంది. ఈ వారమే వెళ్లి ఆమె పక్కన కూర్చోండి. మొదటి సభ్యత్వం అక్కడే మొదలవుతుంది.